అరవైయేడో యేట గిటారు

ఈ నెల నేను వ్రాయబోయే సంగతి చూసి మా ఆడపడుచులూ వియ్యపురాళ్ళూ ముక్కుమీద వేలు వేసుకుంటారని నాకు తెలుసు. వేసుకోనివ్వండి. పోయిన నెల ఈ పుటలో ఆవకాయ జాడీల సంగతి వ్రాసిన మనిషి ఈ నెల గిటారంటున్నదేమిటని మీరూ అనుకోవచ్చు. ఆవకాయ కలిపిన చేతులతోనే గిటారు వాయిస్తున్నాను. అరవైయేడో యేట మొదలుపెట్టాను, ఇప్పటికి పదకొండు నెలలయింది.

సరదాకు మొదలుపెట్టినది కాదు. మా వీధి రామమందిరంలో శనివారం భజన చాలా ఏళ్ళనుంచి జరుగుతున్నది. మావారు హార్మోనియం ముందు కూర్చుని ముప్పయ్యేళ్ళు దాన్ని నడిపించారు. ఆయన పోయి నాలుగేళ్ళు. ఆయన తరువాత ఆ పెట్టె తెరిచినవాళ్ళు లేరు. తిత్తి చినిగింది, ఎలుకలు కొరికాయి. భజనకు వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గి, కిందటి యేడు శ్రీరామనవమినాటికి ఐదుగురం మిగిలాం. ఐదుగురమూ మోకాళ్ళు పట్టుకుని లేచేవాళ్ళమే. పిల్లలన్న మాట లేదు. పక్కింటి పిల్లవాణ్ణి, పదకొండేళ్ళవాణ్ణి, పిలిచి “ఒక్కసారి వచ్చి కూర్చోరా నాయనా” అంటే వాడు, “అక్కడ ఏముందవ్వా? గిటారుంటే వస్తాను” అన్నాడు. పరిహాసానికే అన్నాడు కాబోలు. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు.

మా మనవడు కోయంబత్తూరులో చదువుకు వెళ్తూ వెళ్తూ ఒక గిటారు బీరువామీద పడేసి పోయాడు. ఆరు తీగల్లో ఒకటి తెగి వేలాడుతున్నది. దించి, దుమ్ము దులిపి, ఒళ్ళో పెట్టుకుని చూశాను. చిన్నతనాన ఆరేళ్ళు వీణ నేర్చుకున్నదాన్ని. పెళ్ళితో వీణ పుట్టింట్లో ఉండిపోయింది, నేను అత్తవారింటికి వచ్చేశాను. యాభై యేళ్ళ తరువాత మళ్ళీ ఒళ్ళో ఒక తీగల వాయిద్యం!

బాగలూరు రోడ్డులో ఒక మేడమీద గిటారు నేర్పే కుర్రవాడున్నాడని తెలిసి, వెళ్ళాను. పాతికేళ్ళుంటాయి అతనికి. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, బెంగుళూరు వెళ్తే కన్నడం. మన హోసూరు పిల్లలందరిలాగానే. మనవడికోసం వచ్చాననుకుని ఫీజు వివరాలు చెప్పాడు. నాకోసమేనంటే ఒక్క క్షణం చూశాడు గాని నవ్వలేదు. నేను అతన్ని గురువుగా ఒప్పుకోవడానికి ఆ నవ్వకపోవడమే కారణమని తరువాత అతనికే చెప్పాను. మొదటిరోజు “పాట్టీ” అన్నాడు, రెండోవారానికి “అవ్వా” అన్నాడు. నా తోటి విద్యార్థులందరూ పదేళ్ళలోపువాళ్ళు. నా చెప్పుల పక్కన వాళ్ళ చెప్పులు చూస్తే నాకే నవ్వు వచ్చేది.

నేనేమో తీగ మీటి సరిగమలు మొదలుపెడతాడనుకున్నాను. అతను అలా చేయలేదు. ఎడమచేతి వేళ్ళు తీగలమీద ఊరికే ఆనించమన్నాడు, నొక్కవద్దన్నాడు. అలా ఆనిస్తే తీగ పలకదు, గుడ్డమీద కొట్టినట్లు బుస్సుమంటుంది. కుడిచేతిని కిందికి, పైకి, కిందికి, పైకి ఊపుతూ ఉండమన్నాడు. ఆరు తీగలనూ ఒక్క ఊపున దువ్వెనతో దువ్వినట్లు మీటటమన్నమాట. దీన్నే స్ట్రమ్మింగు అంటారు. నెలరోజులు ఇదే పాఠం. ఫోనులో నిమిషానికి 60 దెబ్బలు కొట్టే మెట్రోనోము పెట్టి, దానితోపాటు చెయ్యి ఊపటం. (ఆ యంత్రానికి మేల్జెల్ అనే జర్మనుదేశస్థుడు 1815లో పేటెంటు తీసుకున్నాడట. అప్పుడు కొయ్యపెట్టెలో లోలకంగా ఉండేది, ఇప్పుడు కోడలి ఫోనులో ఉన్నది.) మా ఇంట్లోవాళ్ళకు ఆ నెల శిక్ష ఏమీ పడలేదు, తీగలు పలకవు గనుక. ఈ వయసులో మొదలుపెట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇలాగే మొదలుపెట్టమని నా సలహా. ఇంట్లోవాళ్ళ ఓపిక నిలవ ఉంటుంది.

ఇదేం కష్టం, విసనకర్ర ఊపినట్లే గదా అనుకున్నాను. కష్టమంతా అక్కడే ఉన్నదని తరువాత తెలిసింది.

గిటారు మొదలుపెట్టిన ప్రతివాడికీ ఒక వరుస నేర్పుతారు. చెయ్యి ఎనిమిది కదలికలు చేస్తుంది: కిందికి నాలుగు, పైకి నాలుగు, ఒకటి విడిచి ఒకటి. అన్నీ మోగవు. ఒకటోది కింద, మోగుతుంది. రెండోది పైకి, మోగదు, చెయ్యి తీగలకు తగలకుండా లేచిపోతుంది. మూడు కింద, నాలుగు పైన, రెండూ మోగుతాయి. ఐదోది కిందికి, మోగదు. ఆరు, ఏడు, ఎనిమిది మోగుతాయి. ఆరు మోగేవి, రెండు మోగనివి. ఇంతే. మీరు రేడియోలోనూ సినిమాల్లోనూ విన్న ఎన్నో పాటల వెనక ఈ వరుసో, దీని అన్నదమ్ములో ఉంటారు.

ఇందులో నా ప్రాణం తీసింది ఐదోది. ఎందుకో చెబుతాను, మీరూ ఒకసారి తొడమీద తాళం వేసి చూడండి. ఆదితాళం ఎనిమిది అక్షరాలు గదా. ఒకటిమీద దెబ్బ, రెండు మూడు నాలుగు వేళ్ళు లెక్క, ఐదుమీద మళ్ళీ దెబ్బ, ఆరు విసురు, ఏడు దెబ్బ, ఎనిమిది విసురు. అరవై యేళ్ళుగా నా చెయ్యి ఐదో అక్షరంమీద దెబ్బ వేసే చెయ్యి. గుళ్ళో, పెళ్ళిపందిట్లో, రేడియో ముందు, ఆఖరికి కూర తాలింపు వేస్తూ కూడా అది ఐదుమీద పడుతుంది. గిటారువాళ్ళ వరుసలో సరిగ్గా అక్కడే చెయ్యి గాలిలో వెళ్ళిపోవాలి! మోగించకూడదని తెలుసు, మోగిస్తాను. మోగించగానే తప్పయిందని తెలుస్తుంది, చెయ్యి ఆపేస్తాను. ఆపగానే మెట్రోనోము ముందుకు వెళ్ళిపోతుంది. మళ్ళీ మొదటికి వస్తాను. ఈ విధంగా మూడు వారాలు గడిచాయి. నా పక్కన కూర్చున్న తొమ్మిదేళ్ళ పిల్లకు రెండో రోజే వచ్చేసింది. దానికి తాళం రాదు మరి!

గురువుగారు (అనే అంటాను, ఎంత చిన్నవాడైతేనేం) ఒకరోజు నా మణికట్టు పట్టుకుని అన్నాడు: “అవ్వా, మీరు తప్పు చేస్తే నాకేం బాధ లేదు. తప్పు దిద్దుకోవాలని ఆగుతారే, అది వద్దండి. చెయ్యి పోతానే ఉండాల. మోగినా మోగకపోయినా పోతానే ఉండాల.”

ఈ మాట వినటానికి సులువుగా ఉన్నది. ఒక ఆడది ఇల్లు నడిపిన నలభైయేళ్ళూ చేసినదంతా ఆగి దిద్దటమే. ఉప్పు ఎక్కువయితే ఆగు, నీళ్ళు పొయ్యి. ముగ్గు గీత వంకరపోతే ఆగు, చెరుపు. పిల్లవాడు పద్యం తప్పు చదివితే మధ్యలోనే ఆపు, మొదటినుంచి చెప్పించు. వయసు వచ్చాక కొత్త విద్య నేర్చుకునేవాళ్ళకు వేళ్ళు బిగుసుకోవటం ఒక అడ్డమే గాని, ఈ అలవాటు అంతకన్న పెద్ద అడ్డం. పిల్లలకు తప్పు చేసిన సంగతే తెలియదు కాబట్టి ఆగరు. మనకు తెలుసు కాబట్టి ఆగుతాం.

ఆ రాత్రి ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. మన తాళశాస్త్రంలో చేతిపనులను రెండు రకాలుగా చెప్పారు. దెబ్బ వంటివి సశబ్ద క్రియలు; వేళ్ళు లెక్కపెట్టటం, విసురు వంటివి నిశ్శబ్ద క్రియలు. రెండూ క్రియలే. నిశ్శబ్దమయినదాన్ని కూడా పని అన్నారు గాని ఖాళీ అనలేదు. ఆదితాళం ఎనిమిదింటిలో మోగే దెబ్బలు మూడే, తక్కిన ఐదూ చప్పుడు లేనివి. చప్పుడు లేదు గదా అని వేళ్ళు మడవటం మానేస్తే తాళం మిగలదు. గిటారులో మోగని ఊపు కూడా ఇదే జాతిది. ఇంతకాలం నేను చేస్తున్న పనే. కొత్త చోట కనబడేసరికి గుర్తుపట్టలేదు.

మావారి ఆఖరి రోజులు కూడా ఆ రాత్రే జ్ఞాపకం వచ్చాయి. పక్షవాతం వచ్చి మాట పోయింది, కుడిపక్క పడిపోయింది. ఏడు నెలలు మంచంలో ఉన్నారు. నేను పక్కన కూర్చుని సన్నగా ఏ కీర్తనైనా ఎత్తుకుంటే ఎడమచెయ్యి మంచం పట్టెమీద తాళం వేసేది. దెబ్బ ఒక్కటే కాదు, వేళ్ళు లెక్క, విసురు, అన్నీ. ఒక్కటీ విడిచేవారు కారు. మాట రాని మనిషికి ఆ చప్పుడు లేనివాటితో ఏం పని అని అప్పుడు నాకు తోచలేదు.

మర్నాటినుంచి ఐదో ఊపును “ఇది విసురు” అని మనసులో అనుకుంటూ చేశాను. పది రోజుల్లో చెయ్యి లొంగింది.

వీణ నేర్చుకున్నవాళ్ళకు ఇంకొక ముక్క చెప్పాలి. వీణకు ఏడు తీగలు. నాలుగు మెట్లమీద పోతాయి, మూడు పక్కగా ఉంటాయి. ఆ పక్కవి తాళం తీగలు. చూపుడువేలూ మధ్యవేలూ పాట వాయిస్తుంటే చిటికెనవేలు కిందినుంచి పైకి ఆ మూడింటినీ ఒక్కసారి జల్లుమనిపిస్తుంది. పలు తీగలను ఒక్క ఊపున మీటి తాళం చెప్పటమన్నది, చూశారా, మన ఇంట్లోనే ఉన్నది; గిటారువాడు ఆ చిటికెనవేలి పనిని పెద్దది చేసి చేతికంతా ఇచ్చాడు. తంజావూరును మన తెలుగు రాజు రఘునాథనాయకుడు ఏలినప్పుడు, అంటే 17వ శతాబ్దం మొదట్లో, వీణకు ఇరవైనాలుగు మెట్లు స్థిరపడ్డాయని చెబుతారు. చిన్నప్పుడు మా వీణ మేష్టారు నా చిటికెనవేలు నిద్రపోతున్నదని రోజూ కేకలు వేసేవారు. యాభై యేళ్ళకు మేలుకున్నది.

వేళ్ళనొప్పుల సంగతి కొంత చెప్పి ముగిస్తాను, అది అందరూ అడిగేదే. ఉక్కు తీగలు ముసలివేళ్ళను కోస్తాయి. నైలాను తీగల గిటారు వేరే ఉన్నది, మెత్తగా ఉంటుంది; మనవడిది అతనికి ఉంచి నేను అది తెచ్చుకున్నాను. ఉక్కు తీగల గిటారుకు నైలాను తీగలు కట్టవచ్చులే అని చూడకండి, దాని బిగింపు వేరు. మీటటానికి పిక్ అనే చిన్న బిళ్ళ ఉంటుంది. అర మిల్లీమీటరు మందంది అయితే వంగుతుంది, చేతికి భారం ఉండదు. పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట. వేళ్ళ కీళ్ళు పొద్దున్నే బిగుసుకుని ఉంటే గోరువెచ్చని నీళ్ళలో కాసేపు పెట్టి మొదలుపెడతాను. నొప్పి ఎక్కువయిన రోజున గిటారు ముట్టుకోను, ఒట్టి చెయ్యి గాలిలో ఊపుతాను. అంతే.

ఇక కార్డులు. కార్డులంటే రేషను కార్డులు కావు. మూడు నాలుగు స్వరాలు ఒక్కసారి పలికేట్లు ఎడమచేతి వేళ్ళు వేరువేరు తీగలమీద ఒకేమాటు నొక్కి పెట్టటం. వీణలో ఎడమచెయ్యి తీగమీద జారుతుంది, గమకం తీస్తుంది. ఇక్కడ జారటం లేదు, దిగిన చోట దిగి కూర్చోవాలి. ఒక కార్డునుంచి ఇంకొక కార్డుకు మారేటప్పుడు కుడిచెయ్యి ఆగబోతుంది. అక్కడ గురువుగారు ఒక కిటుకు చెప్పాడు: ఎనిమిదో ఊపు, పైకి పోయేది, వచ్చేసరికి ఎడమచేతి వేళ్ళు లేపేయమన్నాడు. ఆ ఒక్క ఊపులో ఒట్టి తీగలు పలుకుతాయి, ఎవరూ పట్టించుకోరు. ఆ సందులో వేళ్ళు కొత్త చోటికి చేరుకుంటాయి. పెద్ద పెద్ద వాయిద్యగాళ్ళు కూడా ఇలాగే చేస్తారట. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. అందరూ కలిసి ఒప్పుకున్న చిన్న తప్పన్నమాట!

మా భజనలో ఒక పెద్దాయన ఉన్నారు, నన్ను వదినె అంటారు. ఈ సంగతి తెలిసి “దొరల వాయిద్యం రాముడి ముందరా, వదినె?” అన్నారు. ఆయన కూర్చున్నది ఫిడేలు కచేరీ ఎక్కడున్నా బెంగుళూరుదాకా పోయి వచ్చే మనిషి. ఫిడేలు మాత్రం ఎవరిది? ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు, 1786లో పుట్టినవారు, మద్రాసులో దొరల దగ్గర నేర్చి మన సంగీతంలోకి తెచ్చారు. మొన్నమొన్నటిదాకా మన కళ్ళముందు పాలకొల్లు బిడ్డ శ్రీనివాస్ మాండలినుమీద రాగం వాయించాడు. 1969లో పుట్టి 2014లోనే వెళ్ళిపోయాడు, ఏం లాభం. మాండలిను మన వీధి వాయిద్యమా? మావారి హార్మోనియం కూడా దొరలదే. ఆలిండియా రేడియోవాళ్ళు దాన్ని 1940నుంచి ముప్పయ్యేళ్ళు వెలివేశారు కూడా. ఇదంతా చెప్పాను. ఆయన “సరే, చూద్దాంలే” అన్నారు. ఆయన అన్నదాంట్లో అసలు చిక్కు ఒకటి ఉన్నది, అది దొరలదీ మనదీ అన్నది కాదు. మన రాగంలో స్వరం ఊగుతుంది, కార్డులో స్వరం నిలబడుతుంది. ఊగే పాట వెనక నిలబడే కార్డు వేస్తే రెండూ పోట్లాడుకుంటాయి. ఆనందభైరవిలో ఒక రామదాసు కీర్తనకు నేను ఉత్సాహంగా మూడు కార్డులు వేసి చూశాను. చెవిలో రాయి పడినట్లయింది.

దీనికి రెండు దారులు కనబడ్డాయి. ఒకటి, కార్డులు ఒప్పుకునే పాటలనే పట్టటం. ముత్తుస్వామి దీక్షితులవారు దొరల బ్యాండు మెట్లు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు; నొట్టుస్వరాలంటారు, నలభైదాకా ఉన్నాయి, అన్నీ శంకరాభరణం. శక్తిసహిత గణపతిం అన్నది మీ పిల్లలకు తెలిసే ఉంటుంది. అది మూడేసి దెబ్బల నడక. కింద, కింద-పైన, కింద-పైన. జి, సి, డి అనే మూడు కార్డులు. పుట్టటమే దొరల మెట్టుమీద పుట్టింది గనుక గిటారుతో పోట్లాడదు. మొదటి పాటగా దీనికి మించినది లేదు.

రెండో దారి, కార్డులే మానెయ్యటం. గిటారు అన్నిటికంటె లావు తీగ ఇ అనే స్వరానికి బిగించి ఉంటుంది. దాన్ని కొంచెం వదులు చేసి డికి దించితే, లావు తీగలు మూడూ వరసగా డి, ఏ, డి అవుతాయి. అంటే స, ప, పై స. తంబురా! ఎడమచెయ్యి అక్కరలేదు. ఆ మూడు తీగలమీదే కుడిచెయ్యి నడక నడిపిస్తే శ్రుతీ తాళమూ రెండూ వచ్చేశాయి. డి అంటే రెండు కట్టల శ్రుతి, మగవాళ్ళకు సరిపోతుంది. ఆడవాళ్ళకు కావాలంటే కేపో అని ఒక బిగింపు ఉంటుంది, దాన్ని ఐదో మెట్టుమీద బిగిస్తే ఐదు కట్టలకు వస్తుంది. ఇది ఎవరూ చెప్పలేదు, పుస్తకంలో శ్రుతుల పట్టిక చూసి నేనే పట్టుకున్నాను. గురువుగారికి చూపిస్తే “ఇది నాకు నేర్పండవ్వా” అన్నాడు. కొంచెం గర్వపడ్డాను, ఒప్పుకుంటాను.

కార్తీకమాసంలో ఒక శనివారం మొదటిసారి గిటారు మందిరానికి తీసుకుపోయాను. అది వ్రాయటానికి ఇప్పటికీ మొహమాటంగా ఉన్నది. మొదటి కీర్తన రెండో చరణంలో పెద్దాయన వేగం పెంచారు, భజనలో ఎప్పుడూ అంతే గదా. నా పిక్ జారి గిటారు పొట్టలో పడింది. ఆగిపోయాను. నేను ఆగితే అందరూ ఆగారు. నిశ్శబ్దం. ఐదుగురు ముసలివాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గిటారును తలకిందులు చేసి ఆడిస్తూ ఆ బిళ్ళకోసం నేను పడిన అవస్థ రాముడే చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు గాని, ఒకావిడ “మీవారు ఉన్నప్పుడు” అని మొదలుపెట్టి ఊరుకున్నది. ఇంటికి వచ్చి గిటారు మళ్ళీ బీరువామీద పెట్టాను. పదిహేను రోజులు దించలేదు.

దించటానికి కారణం పక్కింటి పిల్లవాడే. “ఏమవ్వా, చప్పుడు లేదు?” అని గోడమీదనుంచి అడిగాడు. నేను రోజూ వాయించేది విని వాడు అవతల వేళ్ళతో బకెట్టుమీద కొడుతూ ఉండేవాడట. అయితే రా, పాడుదువుగాని అన్నాను. ఒక పాట కాగితం ఇస్తే తెల్లమొహం వేశాడు. తెలుగు చదవటం రాదు. వాడి తప్పు కాదు. 2006లో వచ్చిన చట్టంతో మన బడుల్లో ఒకటో తరగతినుంచి యేటా ఒక్కొక్క తరగతిగా తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదువు తమిళమూ ఇంగ్లీషూ. ఎన్ని ఇళ్ళల్లో ఇలా లేదు? వాడే ఆ పాటను నేను చెబుతుంటే తమిళ అక్షరాల్లో వ్రాసుకున్నాడు. తమిళంలో కకు గకు ఒకటే అక్షరం గదా. “కోపాల కోపాల” అని భక్తిగా పాడుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మధ్యలో ఆపి దిద్దబోయాను. నా చెయ్యి ఊగుతున్నది, ఆపితే వరుస పోతుంది. ఆపలేదు. కోపాలుడు కోపాలుడుగానే చరణం చివరిదాకా వచ్చాడు. తరువాత గ అనే అక్షరం ఒక్కటి తెలుగులో వ్రాసి చూపించాను. వాడు తన కాగితంలో కలన్నిటిలోనుంచి గలను ఏరి, తమిళం మధ్యలో తెలుగు గ పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ కాగితంలో గ, ద, బ, డ నాలుగూ తెలుగువే. సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని అంతటి గ్రంథం తమిళదేశంలో, ఎట్టయాపురంలో, 1904లో తెలుగు లిపిలోనే అచ్చయింది. మా పిల్లవాడి కాగితం దానికి బహుదూరపు చుట్టం.

ఈ యేడు శ్రీరామనవమికి వాణ్ణి మందిరానికి తీసుకుపోయాను. వాడితో ఇద్దరు చెల్లెళ్ళు, వాళ్ళ బడి స్నేహితుడొకడు వచ్చారు. చేతులు ఊరుకోని పిల్లలని మావారి చిడతలు తీసి వాడి చేతికిచ్చాను. ఎక్కడ కొట్టాలని అడిగాడు. తాళం ఎలా వెయ్యాలో ముందురోజే చూపించి ఉన్నాను: ఒకటి, ఐదు, ఏడు. “అక్కడ కొట్టు, తక్కినచోట చెయ్యి ఊపు” అన్నాను.

కీర్తన మొదలయింది. నేను లావు తీగల శ్రుతిమీద ఎనిమిది ఊపుల వరుస పట్టాను. ఐదోదిమీద నా చెయ్యి గాలిలో కిందికి వెళ్ళింది, తీగలు పలకలేదు. ఆ ఖాళీలో చిడతలు టక్కుమన్నాయి.

నేను తల తిప్పి చూశాను. వాడు నన్ను చూడటం లేదు, కాగితం చూసి పాడుతున్నాడు. మళ్ళీ ఐదు వచ్చింది, నేను విడిచాను, వాడు వేశాడు. పదకొండు నెలలుగా నేను కష్టపడి మోగించకుండా ఉంచుకున్న చోటు వాడి దెబ్బకు సరిగ్గా సరిపోయింది. పెద్దాయన రెండో చరణంలో ఎప్పటిలాగే వేగం పెంచారు. ఒక కార్డు తప్పు పడింది, పిక్ మళ్ళీ జారబోయింది, వేళ్ళతోనే దువ్వాను. ఎవరమూ ఆగలేదు.

హారతి అయ్యాక పానకం పంచుతుంటే పెద్దాయన వచ్చి “వదినె, ఆ బొంగు కొంచెం గట్టిగా మోగేట్టు చెయ్యలేరా, వెనకాల వినబడటంలే” అన్నారు. గిటారును బొంగు అన్నందుకు కోపం రాలేదు. వచ్చే శనివారంనుంచి సాయంత్రం ఆరుకే మొదలుపెట్టాలని అనుకున్నాం, పిల్లలకు ట్యూషను ఏడింటికట. చిడతలు ఒక జత చాలవు, ఇంకో రెండు జతలు కావాలి. పాతవి ఎవరి ఇంట్లోనైనా అటకమీద ఉంటే మందిరానికి పంపవలసిందని మనవి. గజ్జెలు ఊడిపోయినా ఫరవాలేదు, వేయించుకుంటాం.